మేనేజర్లు ఎంత బాగా వింటున్నారో కొలవాలంటే: 22 ఏళ్ల హెచ్ఆర్ అనుభవం నుంచి ఒక జవాబు

అడిగింది: "హైదరాబాద్‌లో మాది 420 మంది పనిచేసే కంపెనీ. టీమ్‌లు నడిపే మేనేజర్లు 38 మంది. ఈసారి ఎంప్లాయీ సర్వేలో 'మా మాట ఎవరూ పట్టించుకోరు' అన్న కామెంట్లు చాలా వచ్చాయి. వచ్చే అప్రైజల్ నుంచి ప్రతి మేనేజర్‌కీ ఒక లిజనింగ్ స్కోరు పెట్టమని డైరెక్టర్ గారు చెప్పారు. నెట్‌లో 20 ప్రశ్నల ఫారం ఒకటి దొరికింది. అది పంపితే సరిపోతుందా? వేరే పద్ధతేమైనా ఉందా?"

సరిపోదండీ. ఆ ఫారం పంపితే మీకు నెంబర్లు వస్తాయి, డైరెక్టర్ గారికి చూపించడానికి చక్కటి బార్ చార్టు వస్తుంది. ఏ మేనేజర్ వింటున్నాడో మాత్రం తెలియదు. నేను మీరు చెప్పిన పనిని మూడుసార్లు చేశాను, రెండుసార్లు చెడగొట్టాను. కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

మొదటి తొమ్మిదేళ్లు నేను ఉమ్మడి మెదక్ జిల్లాలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంట్‌లో ఉన్నాను. హాజరు చూసే టైమ్ ఆఫీసులో చేరి పర్సనెల్ (ఇప్పటి హెచ్ఆర్) డిపార్ట్‌మెంటుకి వచ్చాను. అప్పట్లో కార్పొరేట్ ఆఫీసు నుంచి ఇలాంటి ఫారమే వచ్చింది, ఇంగ్లీషులో. ఆపరేటర్ల కోసం నేనే కూర్చుని తెలుగు చేశాను. ఆరో ప్రశ్న: "మీ షిఫ్ట్ ఇన్‌చార్జి మీ మాట వింటారా?" ఒకటి నుంచి అయిదు దాకా టిక్కు పెట్టాలి. బి షిఫ్ట్ ఎక్కే ముందు క్యాంటీన్‌లో పంచాను. ఓ సీనియర్ ఆపరేటర్ ఆ ప్రశ్న దగ్గర ఆగి, పెన్ను టేబుల్ మీద పెట్టేసి, "ఆయన మా మాట వినుడేంది సార్? మేం గదా ఆయన మాట వినాల్సింది" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ, సాయంత్రం ఫారాలు లెక్కపెడుతుంటే నవ్వు పోయింది. ఆ ప్రశ్నకి దాదాపు అన్నీ ఒకట్లు, లేకపోతే అయిదులు. మధ్యలో ఏమీ లేవు.

తెలుగులో మాట వినడమంటే చెప్పినట్టు చేయడం. "మా వాడు అస్సలు మాట వినడు" అని తల్లి అంటే పిల్లాడికి చెవుడని కాదు కదా. నేను వినడం గురించి అడిగాననుకున్నాను, వాళ్లు లొంగడం గురించి జవాబిచ్చారు. ఇన్‌చార్జి తమకి లొంగడమేంటని కొందరు ఒకటి వేశారు. ఒకటి వేస్తే ఆయనకి తెలుస్తుందేమోనని కొందరు అయిదు వేశారు.

ఇది ప్లాంట్ గొడవ, మాది ఇంగ్లీషు ఆఫీసు అని వదిలేయకండి. మీ సర్వేలో 'పట్టించుకోరు' అన్న మాటలో కూడా ఇదే చిక్కు ఉంది. ఒకతను శాశ్వతంగా ఇంటి నుంచి పనిచేస్తానని అడిగాడనుకోండి. మేనేజర్ నలభై నిమిషాలు కూర్చుని అంతా విని, క్లయింట్ కాంట్రాక్టులో ఆఫీసు నుంచే చేయాలని ఉంది, కుదరదు అని వివరంగా చెప్పాడు. సర్వేలో అతను ఏమని రాస్తాడు? "మా మేనేజర్ వినడు" అనే రాస్తాడు. ఒప్పుకోకపోవడం వేరు, వినకపోవడం వేరు. ఈ రెండింటినీ విడదీయని ఏ ప్రశ్నా మీకు పనికిరాదు. మీరు తెచ్చుకున్న 20 ప్రశ్నలనీ ముందు ఈ ఒక్క జల్లెడలో పోసి చూడండి, ఎన్ని మిగులుతాయో.

ఇక ఆ ఫారం ఎవరు నింపాలన్నది. మేనేజర్లే తమ గురించి నింపుకునే రకమైతే చదవకుండా పక్కన పెట్టేయండి. "నేను ఎదుటివారు చెప్పేది శ్రద్ధగా వింటాను" అన్న వాక్యానికి కాదని టిక్కు పెట్టే మేనేజర్‌ని నేనింతవరకూ చూడలేదు. టీమ్ నింపేదైతే కొంత నయం, కానీ అక్కడ లెక్క దెబ్బ కొడుతుంది. 38 మంది పోగా 382 మంది. అంటే సగటున ఒక్కో మేనేజర్ కింద పది మంది. అందులో ఏడుగురు నింపారనుకుందాం. ఏడుగురూ 4 ఇస్తే స్కోరు 4.0. వాళ్లలో ఒకమ్మాయికి పోయిన వారమే సెలవు కుదరదన్నారు, ఆమె 4 బదులు 1 వేసింది. స్కోరు 3.57 అయిపోయింది. మన ఆఫీసుల్లో స్కోర్లన్నీ మూడున్నరకీ నాలుగుంబావుకీ మధ్యే ఇరుక్కుని ఉంటాయి కాబట్టి, ఆ ఒక్క టిక్కుతో మేనేజర్ పదో ర్యాంకు నుంచి ముప్పయ్యో ర్యాంకుకి జారిపోవచ్చు. దాన్ని మీరు అప్రైజల్‌లో పెడతారా? (మన దగ్గర 4 అంటే 'బాగుంది' అని కాదు, 'నన్ను వదిలేయండి' అని. ఈ సంగతి ఏ కన్సల్టెంట్ రిపోర్టులోనూ కనబడదు.)

పరిశోధకులు వాడే మంచి స్కేళ్లు (కొలిచే ప్రశ్నావళులు) లేకపోలేదు. యాక్టివ్ ఎంపథిక్ లిజనింగ్ స్కేల్ అని 11 వాక్యాలది ఒకటుంది. ఎదుటివాళ్లు చెప్పనిది కూడా పసిగట్టడం, చెప్పింది మనసులో పెట్టుకోవడం, స్పందించడం అని మూడు భాగాలు. జపాన్‌లో 2000లో ప్రత్యేకంగా పనిచేసే చోట్ల కోసం ఒకటి తయారుచేశారు. కానీ అలాంటివి వందల మంది సగటు చూసి ఒక సంగతి తేల్చడానికి పనికొస్తాయి. ఏడుగురు నింపిన కాగితాలతో ఒక మనిషి ఇంక్రిమెంటు తేల్చడానికి కాదు.

మరి దేన్ని కొలవాలి? నాకు ఇది అర్థమైంది ఒక రిజిస్టరు వల్ల.

వందమంది, అంతకన్నా ఎక్కువమంది ఉన్న ఫ్యాక్టరీల్లో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం మూడో సెక్షన్ కింద వర్క్స్ కమిటీలు ఉండేవని మీకు తెలిసే ఉంటుంది. సగం మంది యాజమాన్యం నుంచి, కనీసం సగం కార్మికుల నుంచి. మా ప్లాంట్‌లో మూడు నెలలకోసారి మీటింగు. మినిట్స్ (మీటింగులో ఏం మాట్లాడారో రాసే నోటు) రిజిస్టరులో నేనే రాసేవాణ్ణి. కొత్త జనరల్ మేనేజర్ వచ్చాక మూడేళ్ల మినిట్స్ సారాంశం అడిగితే, ఒక ఆదివారం రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. పన్నెండు మీటింగుల్లో తొమ్మిదింట్లో ఒకే అంశం: డ్రెస్ మార్చుకునే గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్. తొమ్మిదిసార్లూ కింద నా చేతిరాతే: "చర్చించడమైనది. తగు చర్య తీసుకోబడును."

ఆ మీటింగులకి అధ్యక్షత వహించిన పెద్దమనిషిని మీరు చూసుంటే వినడమంటే ఈయనదే అనేవారు. ఎవరు మాట్లాడుతున్నా అటే తిరిగి చూసేవారు. మధ్యలో అడ్డం వచ్చేవారు కాదు. తల ఊపుతూ డైరీలో రాసుకునేవారు. మాట్లాడటం అయ్యాక "ఇంకేమైనా ఉందా?" అని అడిగేవారు. మీ 20 ప్రశ్నల ఫారంలో ఆయనకి నూటికి తొంభై దాటేవి.

అదే ప్లాంట్‌లో ప్రొడక్షన్ మేనేజర్ ఇంకోరకం మనిషి. "ఏందయ్యా, తొందరగా చెప్పు" అనేవాడు. ఎదుటివాడు సగంలో ఉండగానే అందుకునేవాడు. ఫోన్ మోగితే ఎత్తేవాడు. కానీ రిజిస్టరులో ఆయన బ్లాకు నుంచి వచ్చిన అంశం రెండోసారి కనబడలేదు. సెంట్రిఫ్యూజ్ దగ్గర ఉక్కపోతకి పెడస్టల్ ఫ్యాన్ కావాలని అడిగితే, మర్నాడే షాప్ ఫ్లోర్‌కి వెళ్లి, "సాల్వెంట్ ఉన్నచోట మామూలు మోటారు పెట్టనియ్యను, నిప్పురవ్వ లేస్తే అందరం పోతాం. ఫ్లేమ్‌ప్రూఫ్‌ది కావాలి, దానికి పైసలు ఏప్రిల్‌లోనే వస్తయి" అని చెప్పి వచ్చాడు. ఏప్రిల్ దాకా ఎవరూ మళ్లీ అడగలేదు.

వీళ్లలో ఎవరు విన్నట్టు?

ఆ రోజు నుంచి నేను మొహం చూసి కొలవడం మానేశాను. చెప్పినవాడి దగ్గరికి ఏం తిరిగొచ్చిందో చూస్తాను. ఒకే మాటని ఎన్నిసార్లు చెప్పించుకున్నారో లెక్కపెడతాను. (ఆ ఎగ్జాస్ట్ ఫ్యాన్, నా సారాంశం వెళ్లిన పదిరోజులకి బిగించారు. 1,800 రూపాయలు.)

అయితే ఈ కొలతకీ ఒక కన్ను లొట్టే. ఆ ప్రొడక్షన్ మేనేజర్ దగ్గరికి ట్రైనీలు అసలు వెళ్లేవాళ్లే కాదని తర్వాత తెలిసింది. భయం. వాళ్లు చెప్పని మాటలు ఏ రిజిస్టరులో దొరుకుతాయి? అందుకని చెప్పినవాటి సంగతితో పాటు, చెప్పకుండా మింగేసినవాటి సంగతి కూడా అడగాలి.

ఇదంతా కలిపి ఇప్పుడు నేను వాడేది నాలుగే ప్రశ్నలు. మూడు నెలలకోసారి, పేరు లేకుండా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ:

1. గడిచిన నెల రోజుల్లో మీ మేనేజర్‌కి ఒక సమస్య గానీ, సలహా గానీ, అభ్యంతరం గానీ చెప్పారా?

2. చెప్పి ఉంటే చివరికి ఏమైంది? (పని జరిగింది / కుదరదన్నారు, ఎందుకో చెప్పారు / ఇంకా నడుస్తోంది, ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలుసు / ఏమైందో నాకు తెలియదు / పూర్తిగా చెప్పే వీలే దొరకలేదు)

3. ఆ విషయం చెప్పడం అది ఎన్నోసారి?

4. చెప్పాలనుకుని ఊరుకున్నది ఏదైనా ఉందా? (ఉందో లేదో చాలు, ఏమిటో రాయక్కర్లేదు)

ఎక్కడా 'బాగా', 'శ్రద్ధగా' లాంటి మాటలు లేవు చూడండి. అభిప్రాయం అడిగితే మనిషి తన మూడ్ రాస్తాడు. జరిగింది అడిగితే గుర్తు తెచ్చుకుని రాస్తాడు. రెండో ప్రశ్నలో మొదటి మూడు జవాబుల్లో ఏది వచ్చినా ఆ మేనేజర్ విన్నట్టే లెక్క. 'కుదరదు' కూడా విన్నట్టే, కారణం చెప్తే. ఈ ముక్క మేనేజర్లకి ముందే చెప్పండి, వాళ్లలో సగం భయం అక్కడే పోతుంది. వినడమంటే అడిగినవన్నీ ఇచ్చేయడమని వాళ్లూ అనుకుంటూ ఉంటారు, అందుకే మొదట్లోనే బిగుసుకుపోతారు.

నన్నడిగితే నాలుగోది అన్నింటికన్నా విలువైనది. ఒక టీమ్‌లో రెండో ప్రశ్నకి అన్నీ మంచి జవాబులే వచ్చి, నాలుగోదానికి పదిలో ఆరుగురు 'ఉంది' అన్నారంటే, అక్కడ చిన్నచిన్న విషయాలకి తలుపు తీసి ఉంది, పెద్దవాటికి మూసి ఉంది. అలాంటి టీమ్‌నే ముందు చూడాలి.

నలుగురు, అంతకన్నా తక్కువమంది నింపిన టీమ్‌ల ఫలితం విడిగా చూపించకండి. ఎవరు రాశారో ఇట్టే కనిపెట్టేస్తారు. రెండు మూడు క్వార్టర్లు పోగుపడ్డాక చూడండి. ఒక మేనేజర్‌ని ఇంకో మేనేజర్‌తో పోల్చకుండా, ఆయన పాత లెక్కతో ఆయనదే పోల్చండి.

ప్రశ్నల గురించి ఒక పాత కథ. 1928లో అమెరికాలో, చికాగో పక్కన సిసిరోలో ఉన్న హాథార్న్ ఫ్యాక్టరీలో కార్మికులతో ఇంటర్వ్యూలు మొదలుపెట్టారు. రెండేళ్లలో సుమారు 21,000 మందితో మాట్లాడారు. మొదట సూపర్‌వైజర్ గురించి, పని గురించి, పరిస్థితుల గురించి అని ఒక పట్టీ పెట్టుకుని అడిగేవారు. మనుషులు దానికి ఏదో ఒక జవాబిచ్చి మళ్లీ తమ గోడు దగ్గరికే వెళ్లిపోయేవారు. చివరికి 1929లో పట్టీ పక్కన పెట్టి, వాళ్లు ఏది ఎత్తుకుంటే అదే విన్నారు. అరగంటలో అయిపోయే ఇంటర్వ్యూ గంటన్నర దాకా సాగేది. వినడాన్ని కొలవడానికి వెళ్లేవాళ్లకి ముందు వినడం రావాలని నాకు దాన్ని చదివాకే తట్టింది. అందుకని ఆ నాలుగు ప్రశ్నలతో పాటు, ప్రతి క్వార్టర్‌లో ఓ పదిమందితో ఏ పట్టీ లేకుండా మీరే కూర్చుని మాట్లాడండి. టీ తాగుతూ. నోట్‌బుక్ తెరవకుండా.

ఇక మేనేజర్లకి నిజంగా ఉపయోగపడే పద్ధతి ఒకటుంది. మార్కులకి కాదు, నేర్చుకోవడానికి. నేను రెండు చీటీలంటాను. వన్-టు-వన్ (మేనేజర్, టీమ్‌లో ఒకరు విడిగా కూర్చునే మీటింగ్) అయిపోగానే ఇద్దరూ విడివిడిగా రెండేసి వాక్యాలు రాస్తారు. టీమ్‌లో మనిషి "ఈ రోజు నేను చెప్పిన అసలు విషయం ఇది" అని, మేనేజర్ "ఈ రోజు తను చెప్పిన అసలు విషయం ఇది" అని. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటారు. ఆలోచన నాది కాదు లెండి. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1952లోనే దీని మూలం చెప్పాడు: వాదన జరుగుతున్నప్పుడు, అవతలివాడు చెప్పినదాన్ని అతను 'అవును, ఇదే' అని ఒప్పుకునేలా తిరిగి చెప్పాకే నీ మాట మొదలుపెట్టాలని.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒకసారి జరిగింది చెప్తాను. ప్రొడక్షన్ సపోర్ట్ టీమ్. మేనేజర్ చీటీలో: "షిఫ్ట్ రోటా మీద అసంతృప్తి. నైట్ అలవెన్స్ సరిపోవడం లేదు." ఆ అమ్మాయి చీటీలో: "నాన్నకి వారానికి రెండు డయాలసిస్‌లు. మంగళ, శుక్రవారం రాత్రులు తప్ప ఏ షిఫ్టైనా చేస్తాను." ఆయన రెండు చీటీలూ చాలాసేపు చూశాడు. ఆయనేం చెడ్డవాడు కాదు. ఆ టీమ్‌లో అందరికీ ఇష్టమైన మనిషే. "డయాలసిస్ అన్నట్టు గుర్తుందండీ. కానీ రోటా అనగానే నేను అలవెన్స్ పాలసీ ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నా" అన్నాడు. ఆరు నిమిషాలు పాలసీ చెప్పాడట. ఆ అమ్మాయి మర్యాదగా విన్నది. రోటా మార్చడానికి పట్టింది రెండు నిమిషాలు.

మొదటిసారి చీటీలు కలవకపోతే కంగారు పడొద్దు. మిన్నెసోటా యూనివర్సిటీలో రాల్ఫ్ నికల్స్ అనే ఆయన వినడం మీద ఏళ్ల తరబడి పరీక్షలు పెట్టి, ఎవరైనా మాట్లాడటం అయిన వెంటనే కూడా మామూలు మనిషికి విన్నదాంట్లో సగమే గుర్తుంటుందని 1957లో రాశాడు. అందుకే అంతా రాయమనకుండా అసలు విషయం ఒక్కటే రాయమంటాను. ఆ చీటీలు హెచ్ఆర్ ఫైల్‌లోకి రాకూడదు. చూసుకున్నాక చింపేయాలి. మీరొక్క చీటీ దాచుకున్నా రెండోసారి ఎవరూ నిజం రాయరు.

వీడియో కాల్స్‌లో ఎవరు ఎంతశాతం మాట్లాడారో చూపించే టూల్స్ మీకు ఎవరైనా అమ్మజూపవచ్చు. కొనకండి. మేనేజర్ 20 శాతమే మాట్లాడాడంటే విన్నాడని ఎలా అనగలం? మ్యూట్‌లో పెట్టుకుని వేరే మెయిల్స్ కొట్టే మహానుభావులకి ఆ టూల్ ఫస్ట్ ర్యాంక్ ఇస్తుంది. పైగా రికార్డ్ అవుతుందని తెలిస్తే, చెప్పాలనుకున్నవాడు కూడా "అంతా బాగానే ఉందండీ" అని సర్దేస్తాడు.

ఏ సర్వే పంపక్కర్లేకుండా మీ దగ్గర ఇప్పటికే ఉన్న లెక్క ఒకటుంది. గడిచిన పన్నెండు నెలల రాజీనామాలు తీయండి. ఒక్కోదానికీ ఒకటే చూడండి: ఎగ్జిట్ ఇంటర్వ్యూలో చెప్పిన కారణం, రాజీనామా మెయిల్‌కి ముందే మేనేజర్‌కి తెలుసా? తెలియకపోతే ఆ మనిషి చెప్పలేదా, చెప్పినా అందలేదా? వెళ్లిపోయినవాళ్లకి ఫోన్ చేసి అడగండి, నోటీసు పీరియడ్ దాటాక మనుషులు నిజాలే మాట్లాడతారు. ఒక శనివారం పని. నేను మొదటిసారి చేసినప్పుడు, మంచి స్కోర్లున్న ఒక మేనేజర్ టీమ్‌లో వెళ్లిపోయిన నలుగురి సంగతీ ఆయనకి మెయిల్ వచ్చాకే తెలిసిందని బయటపడింది.

భాష గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ టీమ్‌లలో మేనేజర్ వేరే రాష్ట్రం మనిషై ఉండొచ్చు, మీటింగంతా ఇంగ్లీషులో సాగొచ్చు. కారిడార్‌లో తెలుగులో అరగంట దంచేవాడు మీటింగ్‌లో "నో ఇష్యూస్ ఫ్రమ్ మై సైడ్" అని ఊరుకుంటాడు. అతను మౌనంగా ఉంటాడని మేనేజర్ అనుకుంటాడు. తెలుగు మేనేజర్లయినా 'పర్వాలేదండి' అన్న మాటని ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. ఆ మాటకి 'బాగుంది' దగ్గర్నుంచి 'చెప్పి ప్రయోజనం లేదు' దాకా అర్థాలున్నాయి. అది ఏ పర్వాలేదో కనుక్కోవడమే సగం వినడం.

ఎంతమంది మీద ఎన్ని గంటలు అన్నది కూడా చూడండి. ఒక మేనేజర్ కింద 22 మంది ఉన్నారనుకోండి. పదిహేను రోజులకోసారి ఒక్కొక్కరికి అరగంట ఇచ్చినా 11 గంటలు. ఆయనకి క్లయింట్ కాల్స్ పోగా అంత టైమ్ మిగులుతుందా? అలాంటిచోట తక్కువ వస్తే మనిషికి ట్రైనింగ్ ఇచ్చి లాభం లేదు, టీమ్‌ని రెండు చేయాలి. లిజనింగ్ వర్క్‌షాప్‌లకి డబ్బు తగలేసే ముందు మీ 38 మంది కింద ఎంతెంతమంది ఉన్నారో ఒక షీట్‌లో వేసుకోండి.

ఇప్పుడు డైరెక్టర్ గారి సంగతి. నేను రెండోసారి చెడగొట్టింది ఇక్కడే. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఈ స్కోరుని మేనేజర్ల వేరియబుల్ పే (పనితీరుని బట్టి మారే జీతం)లో పది శాతానికి ముడిపెట్టాం. నేనే ప్రపోజల్ రాశాను. రెండు క్వార్టర్లలో స్కోర్లన్నీ పైకి లేచాయి, నేనే గర్వంగా స్లైడ్ చూపించాను. రాజీనామాలు మాత్రం తగ్గలేదు. ఆరా తీస్తే, సర్వే లింకు వెళ్లే వారంలో టీమ్ లంచ్‌ల బిల్లులు పెరిగాయని ఫైనాన్స్ వాళ్లు నవ్వుతూ చెప్పారు. దానికి జనం 'సర్వే బిర్యానీ' అని పేరు కూడా పెట్టేశారట. ఒక మేనేజరైతే "నా ఇంక్రిమెంట్ మీ చేతుల్లో ఉంది తమ్ముళ్లూ" అని గ్రూపులోనే పెట్టాడు. అందులో తప్పు వాళ్లది కాదు, పెట్టినవాళ్లది.

కాబట్టి స్కోరు వద్దనకుండా, ఇలా అడగండి: మొదటి రెండు మూడు క్వార్టర్లు ఏ మేనేజర్ లెక్క ఆ మేనేజర్‌కే వెళ్లాలి, డైరెక్టర్ గారికి మొత్తం కంపెనీ లెక్క వెళ్లాలి. అప్రైజల్‌లో ఏదో ఒకటి ఉండి తీరాలని పట్టుబడితే, మేనేజర్ చేతిలో ఉన్నదే పెట్టండి. టీమ్ చెప్పిన విషయాలు ఒక షీట్‌లో రాసుకుంటున్నాడా, పదిహేను రోజుల్లో అవుననో కాదనో ఏదో ఒక జవాబు చెప్పిన మనిషికి చేరిందా. అది చేశారా లేదా అన్నది చూసి తేల్చవచ్చు. బిర్యానీతో మారదు.

ఆ షీట్‌లో తప్పకుండా ఒక కాలమ్ పెట్టండి: 'పైనుంచి జవాబు రాలేదు'. మీ సర్వే కామెంట్ మళ్లీ చదవండి. 'మా మాట ఎవరూ పట్టించుకోరు' అన్నారు. ఆ 'ఎవరూ' అంటే మేనేజరేనని మీకెవరు చెప్పారు? టీమ్ చెప్పింది మేనేజర్ విని, పైకి పంపి, అక్కడ నెలల తరబడి చప్పుడు లేకపోతే, కిందివాళ్లకి కనబడేది మేనేజర్ మొహమే. నేను చూసినచోట్ల 'ఏమైందో తెలియదు' అన్న జవాబుల్లో చాలావరకు ఆ కాలమ్‌లోనే తేలాయి. అందుకని పైలట్ (ముందుగా కొద్దిమందితో ప్రయోగం) పెడితే కింద నుంచి కాకుండా డైరెక్టర్ గారితో, ఆయనకి నేరుగా రిపోర్ట్ చేసే అయిదారుగురితో మొదలుపెట్టండి. ఈ మాట ఆయనకి చెప్పడం కష్టమే. మీరు చెప్పినప్పుడు ఆయన ఎలా విన్నారో కూడా అక్కడే తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త: లైంగిక వేధింపులు, కులం పేరుతో మాటలు, జీతం ఎగ్గొట్టడం లాంటివి ఈ లెక్కల్లోకి లాగకండి. వాటికి లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద ఇంటర్నల్ కమిటీ, గ్రీవెన్స్ కమిటీ, పోలీసులు వేరే ఉన్నారు. సర్వేలో అలాంటిది కనబడితే క్వార్టర్ ముగిసేదాకా ఆగకుండా ఆ రోజే సరైన దారిలో పెట్టండి.

మీరిప్పుడు చేయాల్సింది: ఈ శనివారం రాజీనామాల లెక్క. వచ్చే వారం 38 టీమ్‌ల సైజులు, ఎవరు ఏ భాషలో మాట్లాడుకుంటారో. ఆ తర్వాతే నాలుగు ప్రశ్నలు. ఆ రెండు షీట్లూ తయారయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. చిన్న టీమ్‌ల లెక్కలు ఎలా కలపాలో, ఏ టీమ్‌ని విడిగా చూపించవచ్చో మీ నెంబర్లతోనే చెప్తాను.